పందెపు దారులు – 11: అమెరికా పేకాట, హైదరాబాద్ నైట్ షిఫ్ట్

గత భాగంలో పత్తి కథ చెప్పుకున్నాం. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్‌లో పలికిన ధరలు టెలిప్రింటర్ మీద బొంబాయికి చేరేవి. తెరిచినప్పటి ధర మీదా మూసినప్పటి ధర మీదా బొంబాయి జనం పందేలు కాసేవారు. 1961లో ఆ ధరల రాక ఆగిపోయింది. 1962లో కల్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ సొంతంగా అంకెలు తీయడం మొదలుపెట్టారు. అలా పత్తి నుంచి తెగిపోయిన మట్కా అనే ఈ అంకెల పందెం తిరిగి తిరిగి పత్తి ఊరికే వచ్చి కూర్చుంది. రెండో ముంబయి అని పేరు మోసిన ఆదోనిలో బీటర్లు చీటీలు రాసిన సందుల దగ్గర మనం ఆగాం.

ఈసారి అంకెలు వదిలి పేకముక్కల దగ్గరికి వెళ్దాం. ఇది సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పడిన పోలీసులతో మొదలై, అట్లాంటిక్ దాటి, మళ్లీ తుంగభద్ర ఒడ్డుకు వచ్చే కథ.

1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో కొందరు బల్ల చుట్టూ చేరి రమ్మీ ఆడుతున్నారు. బల్ల మీద ముక్కలు, కౌంటర్లు, కాస్త డబ్బు ఉన్నాయి. పోలీసులు వచ్చి అందరినీ పట్టుకుపోయారు. పెట్టిన కేసు నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద, అంటే ఫస్లీ 1305 నాటి చట్టం కింద. మేజిస్ట్రేట్ శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబర్ 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అనే ఈ కేసు పేరు చెప్పకుండా ఈ రోజుకీ దేశంలో ఏ కోర్టులోనూ పేకాట మీద వాదన నడవదు.

తీర్పు సారం ఇది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం. రమ్మీ అలాంటిది కాదు. పడిన ముక్క గుర్తుంచుకోవాలి, ఏది చేతిలో ఉంచాలో, ఏది దించాలో తెలియాలి. ముక్కలు కలిపి పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే కానీ, ఆ మాటకొస్తే బ్రిడ్జిలోనూ ఉంది. కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. ఆట మీద క్లబ్బు లాభం తీస్తోందని రుజువైతే అది వేరే సంగతని కూడా కోర్టు అన్నది. ఆ రెండో ముక్కను క్లబ్బులవాళ్లు మెల్లగా మరిచిపోయారు, మొదటిది మాత్రం కంఠస్థం చేశారు.

ఆ కేసు మొదలైన రోజుల్లో ఆదోనిలో నిజాం చట్టం లేదు. ఆదోని అంతకుముందు బళ్లారి జిల్లాలోది, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న ఊరు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. ఆదోని తాలూకాలోని ఎమ్మిగనూరూ దాంతోపాటే వచ్చి కర్నూలు జిల్లాలో కలిసింది. ఇక్కడ పేకాటకు మద్రాసు వాళ్ల 1930 నాటి చట్టం. అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా రాష్ట్రమంతటికీ ఒకే గేమింగ్ చట్టం వచ్చింది 1974లో. అందులోనూ నైపుణ్యం ఉన్న ఆటకు మినహాయింపు ఉంచారు. 1953 నాటి సరిహద్దు గీతను గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మినహాయింపు పుణ్యమా అని పట్టణాల్లో రెండు రకాల పేకాటలు స్థిరపడ్డాయి. ఫ్యాన్ కింద కుర్చీలు వేసుకుని ఆడేది పదమూడు ముక్కలాట. అక్కడ లాయర్లు, పత్తి వ్యాపారులు, రిటైరైన ఉద్యోగులు స్కూటు, మిడిల్ స్కూటు, ఫుల్ కౌంటు లెక్కలు కాగితం మీద రాసుకుని, ఆట ముగిశాక డబ్బు తేల్చుకునేవారు. ఇంకొకటి తోటల్లో, గుట్టల వెనక, చెట్ల కింద దుప్పటి పరిచి ఆడేది. అందర్ బాహర్, మంగతాయి, మూడు ముక్కలాట అక్కడివి. పోలీసుల ఉరుకులన్నీ ఆ దుప్పటి మీదికే. సుగ్గికి గుంటూరు వైపు పోయి మిరప కోసి, పత్తి తీసి, నాలుగు డబ్బులతో తిరిగొచ్చిన కూలీ దొరికేదీ అక్కడే. కుర్చీకి ఒక న్యాయం, దుప్పటికి ఒక న్యాయం అని ఎవరైనా అంటే కాదనలేం.

ఇక సముద్రం దాటుదాం.

పోకర్ అనేది మన మూడు ముక్కలాటకు పెద్దన్నలాంటిది. ఎక్కువగా ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి మూసిన ముక్కలు రెండు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా తెరిచే ముక్కలు అయిదు: మొదట మూడు, తర్వాత ఒకటి, ఆపైన ఇంకొకటి. ఈ మధ్యలో నాలుగు విడతల పందెం. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు దబాయించి ఎదుటివాడిని లేపేయవచ్చు. టోర్నమెంటులో ఇంకో మెలిక ఉంది. ఎంట్రీ రుసుము ఒక్కసారే కట్టాలి, అందరికీ సమానంగా చిప్పులు ఇస్తారు, చిప్పులు అయిపోయినవాడు లేచిపోతాడు. చివరిదాకా కూర్చున్న కొద్దిమంది బహుమతి పంచుకుంటారు.

2003 మేలో లాస్‌వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి ఎంట్రీ రుసుము 10,000 డాలర్లు. టెన్నెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్ ఒకతను అంత పెట్టలేడు. పోకర్‌స్టార్స్ అనే వెబ్‌సైట్లో 86 డాలర్లు కట్టి ఒక చిన్న అర్హత పోటీ ఆడి, ఆ టికెట్ గెలుచుకున్నాడు. వేగాస్‌లో 839 మంది ఆడిన పోటీలో అందరినీ దాటి 25 లక్షల డాలర్లు గెలిచాడు. అతని పేరు క్రిస్ మనీమేకర్. సినిమా రచయిత ఎవరైనా ఆ పేరు పెడితే నిర్మాత నవ్వి మార్చమనేవాడు, కానీ అది వాళ్ల ఇంటిపేరే. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006లో 8,773 మంది. 86 డాలర్ల టికెట్ ప్రపంచమంతా తిరిగింది.

ఆ టికెట్ల దుకాణం కోసం రెండు కంపెనీలు కొట్టుకున్నాయి. ఒకటి పైన చెప్పిన పోకర్‌స్టార్స్. ఐబీఎంలో పనిచేసిన ప్రోగ్రామర్ ఐజై షైన్‌బర్గ్ 2001లో పెట్టాడు, తర్వాత ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి మారింది. రెండోది అదే ఏడాది వచ్చిన పార్టీపోకర్. దాన్ని నడిపిన రూత్ పరాసోల్ అమెరికన్. సాఫ్ట్‌వేర్ రాసినవాడు ధన్‌బాద్‌లో పుట్టి ఐఐటీ ఢిల్లీలో చదివిన అనురాగ్ దీక్షిత్. అతని సహాధ్యాయి విక్రాంత్ భార్గవ మార్కెటింగ్ చూశాడు. కంపెనీ ప్రధాన కార్యాలయం జిబ్రాల్టర్‌లో ఉన్నా ఉద్యోగుల్లో ఎక్కువ మంది ఉన్నది హైదరాబాద్‌లో, ఐవీ కాంప్‌టెక్ అనే సంస్థలో. ఒహాయోలో ఒకడు అర్ధరాత్రి ఓడిపోయి, నా డబ్బు ఏమైందని మెయిల్ పెడితే జవాబు రాసింది మన నగరంలో కూర్చున్న పిల్లలు. క్రెసెంట్ క్లబ్బు కేసు పుట్టిన జంట నగరాల్లోనే ప్రపంచంలోకెల్లా పెద్ద పోకర్ బల్లకు లెక్కలు చూశారన్నమాట. బయట చెట్టు కింద ఆడేవాడిని స్టేషన్‌కు తీసుకుపోతున్నారు, లోపల ఏసీ గదిలో పేకాటకు కస్టమర్ కేర్ నడుస్తోంది. రెండూ చట్టబద్ధమే.

2005 జూన్‌లో పార్టీపోకర్ మాతృ సంస్థ పార్టీగేమింగ్ లండన్ స్టాక్ మార్కెట్లో అడుగుపెట్టింది. విలువ 460 కోట్ల పౌండ్లు పలికింది. ముప్పయ్యేళ్లు దాటీ దాటకముందే దీక్షిత్ ప్రపంచ కుబేరుల జాబితాలోకి చేరాడు. సంబరం పదిహేను నెలలే. 2006 సెప్టెంబర్ చివర్లో అమెరికా కాంగ్రెస్ ఓడరేవుల భద్రత బిల్లుకు తోకగా ఒక ఆన్‌లైన్ జూద నిషేధాన్ని తగిలించి ఆమోదించింది. జూద కంపెనీలకు బ్యాంకులు డబ్బు పంపకూడదన్నది దాని సారం. అక్టోబర్ 2న లండన్‌లో పార్టీగేమింగ్ షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడింది. ఆదాయంలో అత్యధిక భాగం అమెరికా నుంచే వచ్చే ఆ కంపెనీ ఆ దేశం వదిలేసింది. షేర్ మార్కెట్లో లేని పోకర్‌స్టార్స్‌కు జవాబు చెప్పుకోవాల్సిన వాటాదారులు లేరు. పోకర్ జూదం కాదని వాదిస్తూ అక్కడే ఉండిపోయింది. పార్టీ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

పోకర్‌స్టార్స్ కిరీటంలో రాయి వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆఫ్ ఆన్‌లైన్ పోకర్. 2002లో తొమ్మిది పోటీలతో మొదలైంది. మొదటి ప్రధాన పోటీ గెలిచినవాడు మల్టీమెరైన్ అనే మారుపేరు వెనక ఉన్నాడు, అందుకున్నది 65 వేల డాలర్ల పైచిలుకు. 2010 నాటికి పోటీలు 60 దాటాయి, ఆ ఏడు ప్రధాన విజేత టైసన్ మార్క్స్‌కు దక్కింది 22 లక్షల 78 వేల డాలర్లు. అంతకుముందు ఏడు యెవ్గెనీ టిమొషెంకో, 2014లో జర్మన్ కుర్రాడు ఫెడోర్ హోల్జ్ గెలిచారు. ఈ పట్టికలో కథ ఉన్నది మాత్రం 2007 వరుసలోనే.

ఆ ఏడు ప్రధాన పోటీ గెలిచిన మారుపేరు ది వాయిడ్. శూన్యం అని అర్థం వచ్చే ఆ మాటలో ఓ అక్షరం బదులు సున్నా వాడుకున్నారు. బహుమతి 12 లక్షల డాలర్లు దాటింది. డబ్బు చేతికి ఇవ్వకముందే కంపెనీ విచారణ మొదలుపెట్టింది. ఖాతా ఒకరిది, ఆడింది ఆ మనిషి కాదు అని తేల్చి బహుమతి రద్దు చేసింది. రెండో స్థానంలో ఉన్న కాసినో అనే మారుపేరుకు కిరీటం పెట్టింది. ఖాతాదారు ఐల్ ఆఫ్ మ్యాన్ కోర్టులో దావా వేసి, తర్వాత ఉపసంహరించుకున్నారు. క్లబ్బులో అయితే ఎదుట కూర్చున్నవాడి మొహం కనబడుతుంది, వాడి దగ్గు, వాడి చెమట కనబడతాయి. తెర వెనక కూర్చున్నది ఒకడా, ఇద్దరా, గదినిండా మనుషులా అన్న అనుమానం ఆనాడే మొదలైంది. తర్వాతి కాలంలో మనుషుల బదులు ఆడే ప్రోగ్రాములు వచ్చాక అది ఇంకా ముదిరింది.

2011 ఏప్రిల్ 15, శుక్రవారం. అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్ సహా మూడు పెద్ద సైట్లను స్వాధీనం చేసుకుని, షైన్‌బర్గ్‌తో కలిపి 11 మంది మీద అభియోగాలు మోపింది. పోకర్ లోకం ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటుంది. ఇక ఎవరు ఎంత చెల్లించారో చూడండి. ఆట మానేసి వెళ్లిపోయిన దీక్షిత్ 2008 డిసెంబర్‌లోనే తప్పు ఒప్పుకుని సొంత డబ్బు 30 కోట్ల డాలర్లు కట్టాడు. ఉండిపోయిన పోకర్‌స్టార్స్ కంపెనీ 2012లో 73 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. రెండేళ్లకు కెనడా కంపెనీ అమాయాకు 490 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. షైన్‌బర్గ్ 2020లో లొంగిపోయి నేరం అంగీకరిస్తే కోర్టు అతనికి వేసిన జరిమానా 30,000 డాలర్లు. పందెం ఎక్కడ దించాలో, ఎక్కడ నిలబడాలో తెలిసినవాడు బల్ల మీద కాదు, బల్ల వెనక ఉన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పోటీల్లో ఓడిపోయేవాడి డబ్బు ఎక్కడికి పోతుంది? మట్కాలో నీ ఎదురుగా ఉన్నది కంపెనీ. పోకర్‌లో నీ ఎదురుగా ఉన్నది నీలాంటి ఇంకొకడు, కంపెనీ రుసుము మాత్రమే తీసుకుంటుంది. 215 డాలర్ల టికెట్లో 200 బహుమతి సొమ్ముకు, 15 కంపెనీకి. వినడానికి న్యాయంగా ఉంది. అయితే 2010 తర్వాత నిత్యం గెలిచినవాళ్లు ఎలా ఆడారో గమనిస్తే సంగతి తెలుస్తుంది. ఒకేసారి పది పన్నెండు బల్లలు తెరుస్తారు. ఎదుటివాడు ఎన్నిసార్లు పెంచాడు, ఎన్నిసార్లు వదిలేశాడు అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తెర మీదే అంకెలు చూపిస్తుంది. ఆట లేని వేళల్లో సాల్వర్ అనే ప్రోగ్రాముల ముందు కూర్చుని, ఏ ముక్కకు ఏది సరైన పందెమో బట్టీ పడతారు. ఇది ఉద్యోగం. వీళ్ల ఎదుట సరదాకు కూర్చున్నవాడు ఒక రాత్రి గెలవొచ్చు, ఏడాది గెలవలేడు.

1967లో కోర్టు నైపుణ్యం ఉంది కాబట్టి ఇది జూదం కాదంది. అది నలుగురు పరిచయస్తులు కూర్చున్న క్లబ్బు. నైపుణ్యాల మధ్య తేడా చిన్నది, ఈ వారం పోయింది వచ్చే వారం వస్తుంది. అదే మాటను లక్షల మంది కూర్చున్న బల్లకు వర్తింపజేస్తే ఫలితం తిరగబడుతుంది. మట్కాలో కంపెనీ కోత ఎంత ఉన్నా, చీటీ రాయించుకున్నవాళ్లలో పండితుడూ పామరుడూ సమానమే. నైపుణ్యం ఉన్న ఆటలో కొత్తవాడి జేబు ఖాళీ చేసేదే ఆ నైపుణ్యం. చట్టం దేన్ని చూసి ఆటను వదిలిపెట్టిందో, ఆదోని కుర్రాడిని ముంచింది అదే. ఈ వైరుధ్యాన్ని నలభై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే బల్ల పెద్దది కాలేదు.

పెద్దది చేసింది ఫోను. హైదరాబాద్‌లో పుట్టిన ఏస్ టు త్రీ అనే సైట్ దేశంలో ఆన్‌లైన్ రమ్మీకి తొలి దుకాణాల్లో ఒకటి, తర్వాత ఏ23గా పేరు మార్చుకుంది. 2016లో జియో డేటా చౌకగా పంచడంతో, చెట్టు కింద దుప్పటీ ఏసీ గది కుర్చీ ఒకే తెరలోకి వచ్చేశాయి. 2017లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి, ఆ తర్వాత చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే రమ్మీకీ తలుపు మూసింది. అదే ఏడాది వేగాస్‌లో నిపున్ జావా, ఆదిత్య సుశాంత్ జంటగా భారతీయులకు వరల్డ్ సిరీస్ విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ తెచ్చారు. నిపున్ జావా అదే వేసవిలో ఒక ఆన్‌లైన్ పోటీ కూడా గెలిచాడు. 2018లో నికితా లూథర్, 2019లో అభినవ్ అయ్యర్, 2024లో రెండున్నర లక్షల డాలర్ల టికెట్ పోటీలో బెంగళూరు సంతోష్ సువర్ణ గెలిచారు. దేశంలో పోకర్ యాప్‌ల ప్రకటనలు ఈ విజయాల మీదే బతికాయి.

2020లో కరోనా వేగాస్‌ను మూసేసింది. వరల్డ్ సిరీస్ ఇంటర్నెట్‌లోకి మారి ఎక్కువ భాగం జీజీపోకర్ అనే సైట్లో జరిగింది. 5,000 డాలర్ల ప్రధాన పోటీకి 5,802 ఎంట్రీలు వచ్చాయి. సెప్టెంబర్ మొదటి వారంలో బల్గేరియాకు చెందిన స్టొయాన్ మాదాన్జియెవ్ 39 లక్షల 4 వేల 686 డాలర్లు గెలిచాడు. ఆన్‌లైన్ పోకర్‌లో ఒక్కరికి అప్పటిదాకా దక్కిన అతిపెద్ద బహుమతి అది. పాపం, మూడు నెలలకే నిర్వాహకులు ఇంటర్నెట్‌లో మొదలై చివరి బల్ల మాత్రం గదిలో కూర్చుని ఆడే ఇంకో ప్రధాన పోటీ పెట్టారు. ఆ ఏడాది ఛాంపియన్లు ఇద్దరయ్యారు, బల్గేరియా వాడు బహిరంగంగానే అలిగాడు.

మాదాన్జియెవ్ గెలిచిన వారంలోనే, 2020 సెప్టెంబర్ 3న, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రమ్మీ, పోకర్ సహా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నిర్వాహకులకు మొదటి తప్పుకు ఏడాది జైలు, రెండోసారి రెండేళ్లు, ఆడినవాళ్లకు ఆరు నెలలు అన్నారు. ఆ నెలాఖరుకు ఆర్డినెన్సు వచ్చింది. అక్టోబర్‌లో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లు, యాప్‌లు ఆపేయించమని కేంద్రానికి లేఖ రాశారు.

ఇక్కడే సరిహద్దు గీత పనికొచ్చింది. అప్పట్లో యాప్ ఫోను ఎక్కడుందో చూసేది. మంత్రాలయంలో నిలబడితే ఆట ఉండేది కాదు. తుంగభద్ర అవతలి ఒడ్డు కర్ణాటకలోని రాయచూరు జిల్లా, అక్కడ ఉండేది. ఆదోని నుంచి సిరుగుప్ప బస్సెక్కినవాడికి ఆ 1953 గీత దాటగానే తెర తెరుచుకునేది. రాష్ట్రాలు విడిపోయేటప్పుడు భాష కోసం గీసిన గీత మీద పేకముక్కలు ఆగాయి. 2021 అక్టోబర్‌లో కర్ణాటక కూడా నిషేధించింది కానీ, 2022 ఫిబ్రవరి 14న అక్కడి హైకోర్టు కొట్టేసింది. కొట్టేయడానికి కారణం మళ్లీ ఆ పాత మాటే, నైపుణ్యం. బస్సు కూడా ఎక్కనివాళ్లకు లొకేషన్ మార్చి చూపే యాప్‌లు దొరికాయి.

పగలు మగ్గం ముందో, పత్తి యార్డులో కాటా దగ్గరో ఉన్న మనిషి రాత్రి ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం ఫోను తెచ్చిన కొత్త సంగతి. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టింది నేతగాడు షావుకారు అప్పులో మునగకూడదని. ఇప్పుడు అప్పు ఫోనులోనే పుడుతుంది. క్లబ్బుకు పోతే వీధికి తెలుస్తుంది, భార్య వచ్చి గుమ్మంలో నిలబడి కేకేస్తుంది. ఫోనులో ఓడిపోతే మొదట తెలిసేది లోన్ యాప్ వాడికి.

కేంద్రం చాలాకాలం పన్నులతో సరిపెట్టింది. 2023లో గెలుపు మీద 30 శాతం పన్ను కోత, అక్టోబర్ నుంచి పెట్టిన సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వేశారు. 2025 ఆగస్టులో మాత్రం మూడు రోజుల్లో అంతా ముగిసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం పెట్టారు. నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్ననే ఆ చట్టం పక్కన పెట్టింది, డబ్బు పెట్టి ఆడితే చాలు నిషేధమే. నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడేవాడికి మాత్రం శిక్ష లేదు, అతన్ని బాధితుడిగా లెక్కవేశారు. ఏ23ని నడిపే హెడ్ డిజిటల్ వర్క్స్ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అలాంటి పిటిషన్లన్నీ తన దగ్గరికే తెప్పించుకుంది. ఆ వాదనల్లో క్రెసెంట్ క్లబ్బు పేరు రాకుండా ఉండదు.

పేకముక్కల సంగతి కోర్టుకు వదిలేసి, వచ్చే భాగంలో మైదానంలోకి దిగుదాం. 2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు బయటపెట్టిన ఒక టెలిఫోన్ సంభాషణ దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే మెడకు ఎలా చుట్టుకుంది, అక్కడి నుంచి హైదరాబాద్ మణికట్టు మాంత్రికుడు అజహరుద్దీన్ దాకా ఎలా వచ్చింది, షార్జా మ్యాచ్‌ల రోజుల నుంచి ఐపీఎల్ దాకా క్రికెట్ బెట్టింగ్ రాయలసీమ పట్టణాల్లో మట్కా బీటర్ల దారినే ఎందుకు ఎంచుకుంది అన్నది ఆ కథ.